చెన్నకేశవరావు జట్టు

జగ్గయ్యపేట బజారులో చెన్నకేశవరావు బట్టలకొట్టు తెలియనివాళ్ళు లేరు. అయితే ఊళ్ళో ఆయన పేరు మోగింది కొట్టువల్ల కాదు, ఆటవల్ల. సాయంత్రం ఎండ చల్లబడగానే గల్లాపెట్టెకు తాళం వేసి, పంచె విప్పి తెల్ల నిక్కరు తొడుక్కుని, బ్యాటు చంకన పెట్టుకుని బయల్దేరేవాడు. బేరానికి కూర్చున్నవాళ్ళు కూడా "షావుకారుగారి ఆట వేళయింది, రేపొద్దాంలే" అని లేచి చెప్పులు వెతుక్కునేవారు.

ఊలుబంతితో ఆడే బాల్ బ్యాడ్మింటన్ మీద ఆ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పిచ్చి. జట్టుకు ఐదుగురు. జగ్గయ్యపేట జట్టులో నడుమ నిలబడేది చెన్నకేశవరావు. ఆయనకు ముందు, నెట్ దగ్గర అల్లాబక్ష్. అతను నందిగామ బస్సుకు డ్రైవరు. వెనక కాపు కాసేది సుబ్బరాయుడు. బజారులో ఎదురువరసలో అతనిదీ బట్టలకొట్టే. పగలంతా ఒకరి బేరాన్ని ఒకరు లాక్కునే ఆ ఇద్దరు కోమట్లు సాయంత్రమయ్యేసరికి ఒకరి చెమట ఒకరు తుడిచేవారు. మిగతా ఆటగాళ్ళు ఏటేటా మారినా ఈ ముగ్గురూ మారలేదు. చిన్నప్పుడు ఒకే బళ్ళో పలక పట్టినవాళ్ళు.

చెన్నకేశవరావుకు ఒక్కతే కూతురు, పుష్పవతి. పందొమ్మిదేళ్ళ పిల్ల. ఎస్సెస్సెల్సీ ప్యాసై, బందరులో టీచరు ట్రైనింగుకు వెళ్ళాలని ఆశపడుతోంది. తండ్రి దానికి ఎప్పుడో తలూపాడు. నలభై ఏడేళ్ళ మనిషికి, ఒక్క పన్ను కదలని మనిషికి మతి జారిపోతోందని ఇంట్లో మొదట కనిపెట్టింది ఆ అమ్మాయే.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, ఎండాకాలంలో, ఒక మధ్యాహ్నం తండ్రికి క్యారియరు తీసుకుని కొట్టుకు వెళ్ళింది. వత్సవాయి నుంచి వచ్చిన రైతు ఒకాయన పంచెల కోసం కూర్చుని ఉన్నాడు. చెన్నకేశవరావు బట్టతాను విప్పి, గజంబద్ద పెట్టి కొలిచి, చర్రున చింపి మడత పెట్టి ఇచ్చాడు. ఇచ్చిన చేత్తోనే మళ్ళీ తాను దగ్గరికి లాక్కుని, "ఏం కావాలి బాబాయ్?" అన్నాడు. రైతు వేళాకోళమనుకుని నవ్వాడు. ఈలోగా ఇంకో పంచె చిరిగిపోయింది. కంట్రోలు రోజులు, బట్ట దొరకడమే గగనంగా ఉన్న రోజులు. పుష్పవతి తండ్రి మొహంలోకి చూసింది. ఆయన ఆ రెండు ముక్కలనూ మార్చి మార్చి చూస్తున్నాడు.

తర్వాత ఆట కోర్టులోనూ తేడా కనిపించింది. ఆట మధ్యలో పక్కలు మారినప్పుడు ఆయన ఎదుటి జట్టులోకి వెళ్ళి నిలబడ్డాడు. అందరూ పగలబడి నవ్వారు, ఆయన కూడా నవ్వాడు. మళ్ళీ అలాగే జరిగితే కాస్త తక్కువ నవ్వారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. అల్లాబక్ష్ మాటామంతీ లేకుండా వచ్చి, భుజం మీద చెయ్యి వేసి ఇవతలికి నడిపించుకొచ్చేవాడు.

ఒకనాటి సంజెవేళ పుష్పవతి నీళ్ళబిందెతో వస్తూ, వీధి మొదట్లో తండ్రి ఆగిపోయి ఉండడం చూసింది. కొత్త ఊరికి వచ్చినవాడిలా అటొకసారి ఇటొకసారి చూస్తున్నాడు.

"ఇటు నాన్నా" అంది.

"తెలుసులేవే, గాలికోసం నిలబడ్డా" అన్నాడు. అంటూనే కూతురి భుజం పట్టుకుని నడిచాడు.

తల్లి బాలామణి తాయెత్తు కట్టించింది, మొక్కుకుంది, దిష్టి తీసింది. చివరికి అల్లాబక్ష్ ఒక ఉదయం బొగ్గు గ్యాసుతో నడిచే తన బస్సులో ముందు సీట్లో భార్యాభర్తలనూ కూతురినీ కూర్చోబెట్టుకుని నందిగామ తీసుకెళ్ళాడు. అక్కడ డాక్టరు భవానీప్రసాద్ సొంతంగా వైద్యం చేస్తాడు. నందిగామ జట్టులో నడుమ నిలబడేవాడు ఆయనే. పదేళ్ళుగా చెన్నకేశవరావు చేతిలో ఓడుతూ, గెలుస్తూ ఉన్నవాడు.

"ఇది ఏ నెలండీ షావుకారుగారూ?" అని అడిగాడు డాక్టరు.

"నెల సంగతి తర్వాత. నువ్వు సర్వీసు వేసేటప్పుడు మణికట్టు తిప్పుతావే, అది ఎక్కడ నేర్చావయ్యా?" అన్నాడు చెన్నకేశవరావు. డాక్టరు పెద్దగా నవ్వాడు. చాలాసేపు ఏవేవో అడిగాడు, మోకాళ్ళ మీద తట్టి చూశాడు, కళ్ళలోకి దీపం వేసి చూశాడు. బయటి అరుగు మీదికి తల్లీకూతుళ్ళను పిలిచినప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు.

"అమ్మా, మీకు అబద్ధం చెప్పను. ముసలితనంలో కొందరికి వచ్చే మతిమరుపు ఈయనకి ముందే వచ్చేసింది. అరుదుగా ఇలా వస్తుంది. మద్రాసులో మా గురువుగారిని కూడా అడుగుతా గాని, దీనికి మందు లేదు. చేతబడి కాదు, పిచ్చీ కాదు. ఒక్కటే చెప్తున్నా, మనిషిని ఒంటరిగా వదలకండి."

బాలామణి ఆ మాటను తన భయంకొద్దీ అర్థం చేసుకుంది. ఇంటికి రాగానే వీధితలుపు మూసింది. కొట్టు మూసింది. 'షావుకారికి పిచ్చెక్కిందట' అన్న మాట ఒక్కరి నోటినుంచైనా వింటే తను బతకలేననుకుంది. అడిగినవాళ్ళకు జ్వరమని చెప్పింది. సుబ్బరాయుడు వచ్చి అరుగు మీద కూర్చుంటే, "పడుకున్నారు మరిదిగారూ" అని తలుపు సందులోంచే పంపేసింది. అల్లాబక్ష్ వస్తే అదీ లేదు, లోపలినుంచి దగ్గు మాత్రం వినిపించేది. ఆ ఇద్దరూ వచ్చిపోవడం మానలేదు. కాసేపు కూర్చుని, "కేశవా, వెళ్ళొస్తాంరా" అని మూసిన తలుపుకే చెప్పి వెళ్ళేవారు.

లోపల పుష్పవతి తండ్రికి కాపలా. ఒకే ప్రశ్నకు పొద్దుటినుంచి సాయంత్రం దాకా జవాబు చెప్పేది. సాయంత్రమైతే ఇంకా కష్టం. ఆయన సరిగ్గా వేళకు లేచి నిక్కరు వేసుకుని బ్యాటు వెతికేవాడు. బాలామణి దాన్ని అటకెక్కించింది. మంచం కింద, గాదె వెనక, బియ్యం బస్తాల సందుల్లో పసివాడిలా వెతుక్కుని, "ఇక్కడే పెట్టానే" అని గొణుక్కునేవాడు. అటకవైపు చూడకుండా ఉండడం పుష్పవతికి ప్రాణసంకటమయ్యేది. ట్రైనింగు మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆమె తనకు తానే ఆ మాట మింగేసింది.

అలా కొన్ని నెలలు నడిచాక ఒక పొద్దున ఆయన కనబడలేదు. తల్లి పూజలో ఉంది. రాత్రంతా మేలుకున్న పుష్పవతికి గోడకు ఆనుకునే కన్ను పట్టింది. లేచి చూస్తే పెరటితలుపు బార్లా తీసి ఉంది.

"ఎవరికీ చెప్పొద్దు. నువ్వు అటు చూడు, నేను ఇటు చూస్తా. ఎక్కడికీ పోరు" అంది బాలామణి. ఆమె పెదవులు తెల్లబడ్డాయి.

పుష్పవతి జీవితంలో మొదటిసారి తల్లి మాట దాటింది. తిన్నగా బజారుకు పరుగెత్తి సుబ్బరాయుడి కొట్టు ముందు నిలబడి రొప్పుతూ, "బాబాయ్, నాన్న లేడు" అంది.

సుబ్బరాయుడి ముందు పెళ్ళిబట్టలు విప్పి పరిచి ఉన్నాయి, ఒక పెద్ద కుటుంబమే బేరానికి కూర్చుని ఉంది. అతను ఆ పట్టుబట్టల మీదినుంచే ఒక్క అంగలో దాటి కిందికి దూకాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. "కొట్టు చూస్తుండండి, మావాడు తప్పిపోయాడు" అని ఆ కొనేవాళ్ళకే అప్పజెప్పి, పుష్పవతి చెయ్యి పట్టుకుని బస్సులు ఆగే చోటికి పరుగు తీశాడు. అల్లాబక్ష్ బస్సు వెనక కొలిమి రాజుకుని అప్పుడే బయల్దేరబోతోంది. సంగతి విని అతను బస్సు మెట్టెక్కి గొంతెత్తాడు.

"అయ్యలారా, అమ్మలారా! మా చెన్నకేశవరావుకి ఒంట్లో బాగాలేదు, మతి నిలవడం లేదు. ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. బస్సు మెల్లగా పోనిస్తా. కుడివైపువాళ్ళు కుడివైపు పొలాలు చూడండి, ఎడంవైపువాళ్ళు ఎడంవైపు చూడండి. ఆలస్యమైతే నన్ను తిట్టుకోండి."

ఎవ్వరూ తిట్టుకోలేదు. ఊళ్ళో ఏ మాట పొక్కకూడదని తల్లి ఇన్నాళ్ళూ తలుపులు బిగించుకుందో, ఆ మాట అందరి ముందూ పలికేసరికి పుష్పవతి తల దించుకుంది. కాని బస్సులో ఒక్కరూ వింతగా చూడలేదు. పక్కనున్న ముసలమ్మ ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, తను కమ్మీ పట్టుకుని లేచి నిలబడి చేలల్లోకి చూడసాగింది. కూరగాయల గంపలవాళ్ళూ, కోర్టు వాయిదాకు పోతున్నవాళ్ళూ తలలు బయటపెట్టారు. సుబ్బరాయుడు బస్సెక్కకుండా పాలేరు ఏటి దారి పట్టాడు.

చిల్లకల్లు దగ్గర కాఫీ కొట్టతను చెప్పాడు. "షావుకారుగారా? మొదటి బస్సుకే పోయారుగా! నందిగామలో మ్యాచ్ ఉంది, జట్టు ముందెళ్ళిపోయింది అన్నారు. ఆ కండక్టరు తెలిసినవాడే, జాగ్రత్తగా ఎక్కించుకున్నాడు."

నందిగామ చేరేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. బడి వెనక మైదానం దగ్గరికి వెళ్ళి అల్లాబక్ష్, పుష్పవతి ఇద్దరూ ఆగిపోయారు.

చెన్నకేశవరావు ఆడుతున్నాడు. ఎవరిదో బ్యాటు చేతిలో ఉంది. నడుమ, తన చోట నిలబడి, కాస్త వంగి, ఎదుటివాడి మణికట్టు మీద కళ్ళు పెట్టి ఉన్నాడు. ఎదురుగా డాక్టరు భవానీప్రసాద్ చొక్కా చేతులు పైకి మడిచి, ప్యాంటు అంచులు మేజోళ్ళలో దోపుకుని సర్వీసు వేస్తున్నాడు. ఇద్దరు ప్లీడర్లు నల్లకోట్లు చెట్టుకొమ్మకు తగిలించి వచ్చారు. డాక్టరుగారి కాంపౌండరు ఉన్నాడు, ఎవరో పోస్టుమాను ఉన్నాడు. జట్లు రెండూ ఎలాగో తొమ్మిదిమందితో నిలబడ్డాయి, నెట్ దగ్గర ఒక చోటు ఖాళీ. మందుసీసాలు పట్టుకుని వచ్చిన రోగులు నీడన కూర్చుని చూస్తున్నారు. బంతి పైకి లేచింది. చెన్నకేశవరావు ఒక్క అడుగు వెనక్కి వేసి, మెత్తగా, నెట్‌ను రాసుకుంటున్నట్టుగా అవతల పడేశాడు. ఎవరూ అందుకోలేకపోయారు. ఆయన నవ్వాడు. ఎన్ని నెలలైందో పుష్పవతి ఆ నవ్వు చూసి.

డాక్టరు చెమట తుడుచుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు. "పొద్దున నా గుమ్మంలో నిలబడి 'మా జట్టు రాలేదేం డాక్టరూ' అన్నారమ్మా. మ్యాచ్ లేదంటే కుప్పకూలిపోయేట్టు కనిపించారు. మీకు కబురంపి, ఈలోపల దొరికినవాళ్ళని పోగు చేశా. ఇప్పుడే ఆపనా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

అల్లాబక్ష్ చెప్పులు విడిచి కోర్టులోకి నడిచాడు. చెన్నకేశవరావు చూశాడు. "ఎంత ఆలస్యంరా బక్షూ! నీ చోటు ఖాళీగా పెట్టుకుని ఆడుతున్నాం. నిలబడు" అన్నాడు.

ఆ సాయంత్రం జగ్గయ్యపేటలో బాలామణి వాకిట్లోనే నిలబడి ఉంది. భర్త బస్సు దిగి నడిచి రావడం చూసి ఎదురెళ్ళి కొంగుతో ఆయన మొహం తుడిచింది. సుబ్బరాయుడు అరుగు మీద కూర్చున్నాడు. అతని కాళ్ళు ముళ్ళు గుచ్చుకుని నెత్తురోడుతున్నాయి.

"వదినా, ఒక మాటంటా, తప్పనుకోకండి. వాడికి వచ్చింది జబ్బు. దొంగతనం చేసినవాణ్ణి దాచినట్టు ఎందుకు దాస్తారు? మీరిద్దరూ ఎన్నాళ్ళు మేలుకుంటారు? వాడు మీకు మొగుడే గాని, మాకూ ఏదో ఒకటి అవుతాడుగదా!"

"పదిమందీ ఏమనుకుంటారో అని..." అంది ఆమె, కొంగు నోట్లో కుక్కుకుంటూ.

"పదిమందీ ఇవాళ బస్సు కిటికీల్లోంచి తలలు పెట్టి నాన్నని వెతికారమ్మా" అంది పుష్పవతి.

బాలామణి చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి లోపలికి వెళ్ళి, నిచ్చెన వేసుకుని, అటక మీది బ్యాటు తనే దింపి తెచ్చింది.

మర్నాటినుంచి ఆ ఇంటి పద్ధతి మారిపోయింది. పొద్దున్నే సుబ్బరాయుడు వచ్చి చెన్నకేశవరావును కొట్టుకు తీసుకుపోయేవాడు. రెండు కొట్లూ తనే తెరిచి, స్నేహితుణ్ణి ఆయన గద్దె మీదే కూర్చోబెట్టేవాడు. వచ్చిన బేరగాణ్ణి "ముందు అటు చూడండి, అక్కడ నచ్చకపోతే ఇటు రండి" అని అవతలికి పంపడం చూసి బజారు ముక్కుమీద వేలేసుకుంది. కొలతలు సుబ్బరాయుడి మనుషులు చూసుకునేవారు. చెన్నకేశవరావుకు తానులు మడతపెట్టే పని. ఆ చేతులకు మడత మరపు రాలేదు. మడిచిందే విప్పి మళ్ళీ మడిచినా ఎవరూ వారించలేదు. మధ్యాహ్నం అల్లాబక్ష్ బస్సులో ముందు సీటు ఆయనది. నందిగామలో డాక్టరు బస్సు దగ్గరికే వచ్చి నాడి చూసి, నాలుగు కబుర్లు చెప్పి పంపేవాడు.

సాయంత్రం ఆట. లెక్క పెట్టడం మానేశారు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు, గెలుపోటములు లేకపోతే ఆటేమిటని సణిగితే సుబ్బరాయుడు ఒక్కటే అన్నాడు. "లెక్క కావాలంటే వేరే కోర్టు గీసుకోండి. ఇది కేశవ కోర్టు." వాళ్ళలో సగంమంది వెళ్ళారు. వెళ్ళినవాళ్ళలో చాలామంది మళ్ళీ వచ్చేశారు.

అల్లాబక్ష్ భార్య మౌలాబీ కూడా అలవాటుపడింది. వండిన పదార్థం ఈ ఇంట్లో తీసుకోరని తెలుసు కాబట్టి సీతాఫలాలో, జామకాయలో ఒళ్ళో పోసుకుని వచ్చి అరుగు మీద కూర్చునేది. బాలామణి గడప లోపల, ఆమె గడప బయట. మాటలు మాత్రం ఆగేవి కావు. బాలామణి మధ్యాహ్నంపూట ఒక కునుకు తీయగలిగింది ఆ రోజుల్లోనే.

అలా ఒక ఏడాది గడిచేలోగా సరిహద్దు అవతల నిజాం రాజ్యంలో రజాకార్ల ఆగడాలు మితిమీరాయి. మధిర వైపునుంచి బళ్ళకొద్దీ జనం జగ్గయ్యపేటకు వచ్చి పడ్డారు. సత్రాలు నిండాయి, అరుగులు నిండాయి. ఇళ్ళు తగలబడిన కథలు, మనుషులను లాక్కుపోయిన కథలు పొద్దస్తమానం బజారులో చెప్పుకునేవారు. కొట్లో మడత పెడుతూ కూర్చున్న చెన్నకేశవరావు చెవిన ఆ మాటలు పడేవి. ఎవరు చెప్పారో, ఎక్కడ జరిగిందో ఆయనకు నిలిచేది కాదు. భయం మాత్రం నిలిచేది.

ఒక మధ్యాహ్నం ఆయనకు నలతగా ఉందని ఇంట్లోనే ఉంచారు. బస్సు వేళకు అల్లాబక్ష్ ఎప్పటిలాగే డ్రైవరు ఖాకీ కోటుతో వచ్చి "కేశవా" అని పిలిచాడు. అరుగు మీద కూర్చున్న చెన్నకేశవరావు అతన్ని చూసి ఒక్కసారి కెవ్వున అరిచాడు.

"వచ్చారు! రజాకార్లు వచ్చారు! చంపేస్తారు, పట్టుకోండి!"

స్తంభాన్ని కావలించుకుని గజగజ వణుకుతున్నాడు. వీధిలోని జనం పరుగెత్తుకొచ్చారు. అందులో ఊరొదిలి వచ్చినవాళ్ళే ఎక్కువ. వాళ్ళకు అల్లాబక్ష్ ఎవరో తెలియదు, కనిపించింది గడ్డం, కనిపించింది అరుపు. ఒకతను అల్లాబక్ష్ మెడ దగ్గర చొక్కా పట్టి గుంజాడు. ఇంకొకడు కర్ర ఎత్తాడు. అల్లాబక్ష్ చెయ్యి ఎత్తలేదు. "నేనురా కేశవా. బక్షూనిరా" అని ఒక్కటే అంటున్నాడు.

పుష్పవతి అరుగు దూకి అడ్డం వెళ్ళేలోగా, వీధిలోకి ఎన్నడూ ముసుగు లేకుండా అడుగుపెట్టని బాలామణి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. తలమీద కొంగు జారిపోయింది. ఆమె చూసుకోలేదు.

"వదలండి! ఆయన మీద చెయ్యి వేస్తే ముందు నా మీద వెయ్యండి. మా ఆయనకి మతి లేదు, మీకూ లేదా? ఈయన మా అన్నయ్య. ఏడాదినుంచి మా ఇంటి మగదిక్కు ఈయనే!"

చొక్కా పట్టినవాడి చెయ్యి సడలింది. బాలామణి అల్లాబక్ష్ మోచెయ్యి పట్టుకుని, మెట్లెక్కించి, గడప దాటించి, నడవలో పీట వేసి కూర్చోబెట్టింది. తమ ఇంటి కంచుగ్లాసుతో నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. ఆ గడప ఆయన ఇన్నేళ్ళలో దాటడం అదే మొదలు. బయట అరుగు మీద మౌలాబీ కూర్చునే చోటు ఖాళీగా ఉంది. "రేపటినుంచి వదిన కూడా లోపలే కూర్చోవాలి, చెప్పు అన్నయ్యా" అంది.

చొక్కా పట్టినవాడు గుమ్మం దగ్గరికి వచ్చి తల వంచుకున్నాడు. "తెల్వలేదయ్యా. మా ఊర్ల జరిగిందే కండ్లల్ల మెదులుతాంది" అన్నాడు.

"తెలుసయ్యా. నువ్వు చూసింది నేనూ చూసుంటే నేనూ అంతే చేసేవాణ్ణి" అన్నాడు అల్లాబక్ష్.

ఆ రాత్రి పుష్పవతి నిద్రపోలేదు. తండ్రి అంత ప్రాణంగా ఎరిగిన మనిషిని చూసి ఎందుకు జడుసుకున్నాడు? గడ్డం కొత్తది కాదు. మొహం కొత్తది కాదు. తెల్లారేసరికి ఆమెకు తట్టింది. సందేహిస్తూనే అల్లాబక్ష్ ఇంటికి వెళ్ళింది. ఇక రానంటాడేమోనని భయం. ఆయన వాకిట్లో మొహం కడుక్కుంటున్నాడు.

"మావయ్యా, నాన్న మిమ్మల్ని చూసి భయపడలేదు. మీ ఒంటిమీది ఖాకీని చూసి భయపడ్డాడు. బజారులో రజాకార్ల మాట వచ్చినప్పుడల్లా ఖాకీ బట్టలంటారుగా!"

అల్లాబక్ష్ మొహం తుడుచుకున్నాడు. "అంతేనంటావా? రాత్రంతా అదే తొలుస్తోందమ్మా, నా వల్ల ఏం తప్పు జరిగిందా అని" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన బస్సు దిగి, డ్రైవరు కోటూ ప్యాంటూ బస్సులోనే విప్పేసి, ఆటకు వేసుకునే తెల్ల నిక్కరు, బనియనుతో వీధిలో నడిచి వచ్చాడు. చెన్నకేశవరావు అరుగు మీదినుంచి చూశాడు.

"ఆటకి ఇంకా ఎండ తగ్గలేదు కదరా బక్షూ" అన్నాడు తండ్రి.

అది మొదలు అల్లాబక్ష్ ఆ ఇంటికి వచ్చినప్పుడల్లా బట్టలు మార్చుకునే వచ్చాడు. బస్సు ఆగి మళ్ళీ కదిలే ఆ కొద్ది వ్యవధిలోనే రెండుసార్లు మార్చుకునేవాడు. భాద్రపదంలో సైన్యం లారీలు బెజవాడ రోడ్డు మీదుగా బారులు తీరి హైదరాబాదు వైపు సాగినప్పుడు ఎటు చూసినా ఖాకీయే. ఆ నాలుగు రోజులూ అది చెన్నకేశవరావు కంటబడకుండా ముగ్గురు స్నేహితులూ వంతులవారీగా పెరట్లో కూర్చుని ఆయనతో ఉత్తచేతులతోనే బంతి విసురుకుంటూ గడిపారు. ఆ మూడోవాడు డాక్టరే, నందిగామనుంచి సైకిలు మీద వచ్చేవాడు.

గొడవలు సద్దుమణిగాక, మరుసటి వేసవిలో, ట్రైనింగు మాట మళ్ళీ లేచింది. లేపింది సుబ్బరాయుడు.

"నేను వెళ్ళను బాబాయ్. అమ్మ ఒక్కతీ..." అంది పుష్పవతి.

"ఒక్కదాన్నెలా అవుతానే?" అంది బాలామణి లోపలినుంచి వస్తూ. "కొట్లో నేను కూర్చుంటా. గజంబద్ద పట్టడం మరిదిగారు నేర్పారు. మీ నాన్న నీకు మాటిచ్చారు. ఆయనకి గుర్తులేదని నేను మరిచిపోతానా?"

పుష్పవతి వెళ్ళింది. బందరు హాస్టల్లో మొదటి వారాలు రోజూ ఏడ్చింది, తర్వాత చదువులో పడింది. దసరా సెలవులకు ఇంటికి వచ్చి చూస్తే చాలా మారిపోయాయి. గద్దె మీద తల్లి కూర్చుని, ఒక ముక్కుపుడక ఆవిడతో గట్టిగా బేరమాడుతోంది. ఇంట్లో మౌలాబీ తండ్రికి సీతాఫలం గింజలు తీసి ఒక్కొక్క తొనా నోటికందిస్తోంది. తండ్రి చిక్కిపోయాడు. కూతురి మొహంలోకి ఆసక్తిగా చూశాడు.

"ఎవరమ్మాయి నువ్వు? ఆట చూడ్డానికొచ్చావా?"

"అవునండీ" అంది. పెరట్లోకి వెళ్ళి కొంచెంసేపు నూతిగట్టు మీద కూర్చుని వచ్చింది.

సాయంత్రం ఆమే ఆయన్ని నడిపించుకుని వెళ్ళింది. ఆయన ఇప్పుడు ఆడడంలేదు. కోర్టు పక్కన కుర్చీ వేశారు. సుబ్బరాయుడు, అల్లాబక్ష్, వాళ్ళతో పాటు ఆ ఊరి కుర్రాళ్ళు ఆడుతున్నారు. ఇద్దరికీ వయసు మీదపడింది, మోకాళ్ళు పట్టేస్తున్నాయి. నడుమ చోటులోకి ఎవరినీ రానివ్వక, ఒక మనిషి తక్కువతోనే ఆడుతున్నారు.

ఆట మంచి జోరులో ఉండగా బంతి దారి తప్పి దొర్లుకుంటూ వచ్చి చెన్నకేశవరావు కాళ్ళ దగ్గర ఆగింది. ఆయన వంగి తీసుకున్నాడు. అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఊలుపోగుల మీద వేలు రాశాడు. ఇవ్వలేదు. పుష్పవతి చెయ్యి చాపబోయింది. నెట్ దగ్గరినుంచి అల్లాబక్ష్ వద్దన్నట్టు తలూపాడు.

అందరూ నిలబడిపోయారు. బ్యాట్లు దించుకుని, చెమట కారుతున్న మొహాలతో, ఎవరి చోట వాళ్ళు నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ నేలమీద కాలు రాయలేదు. పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు కూడా అదేదో ఆటలో భాగమే అన్నంత సహజంగా నిలబడి ఉన్నారు. పడమట ఎర్రదనం పలచబడింది. చెన్నకేశవరావుకు తొందరలేదు. ఆయన బంతిని అటు తిప్పి, ఇటు తిప్పి, చూస్తూనే ఉన్నాడు. వాళ్ళంతా ఎదురుచూస్తూనే ఉన్నారు.